చేటెడు తవుడు

డోన్ దాటినాక రోడ్డు పక్కన కల్యాణ మండపం. పెండ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో అన్నా చెల్లెలు. బయట కెమెరాలు, కుర్చీలు జరిపే చప్పుడు. ఈ గదిలో మళ్లా కాలు పెడతానని భూపేష్ ఎన్నడూ అనుకోలేదు.

“చదువు.”

“చదివినా.”

“మనసులో కాదు. పైకి చదువు. బయట మైకు ముందర అట్లే చదవాల. గొంతు వణకకూడదు, నవ్వకూడదు.”

“‘నా మాటల వల్ల హిందూ సోదరుల మనోభావాలు, ముస్లిం సోదరుల మనోభావాలు దెబ్బతిన్నందుకు...’ ఇది ఎవరు రాసినారన్నా?”

“ఎవురు రాస్తే ఏం? చదువు.”

“‘అటువంటి ఆచారం మా ప్రాంతంలో ఎన్నడూ లేదని, విదేశాలలో పేరు కోసం నేనే కల్పించి చెప్పానని...’ నేను చదవను.”

“యామినీ.”

“చదవను. కల్పించినా అని మాత్రం చెప్పను. ఇదో, చించేస్తాండా చూడు.”

“చించు. బయట మన పరమేష్ కాడ ఇంకో నాలుగుండాయి.”

“అంతా ముందే అనుకోని వచ్చినావు.”

“అనుకోక? నువ్వు జర్మనీలో కూర్చోని నోరు తెరుస్తావు. ఈడ రాళ్లు పడ్తాయి. మతాలు ఎట్ల కలిసుంటాయో ఆడ తెల్లోళ్లకు పాఠాలు చెప్తావంట కదా. ఈడికొచ్చి చూడు, ఎంత బాగా కలిసుండామో. ఆ ముసిలామె ఇంటి మీద రాళ్లేసి, మొన్న వేయించిన రేకులన్నీ చిల్లులు చేసిపెట్టినారు.”

“ఆ ముసిలామెకు పేరుండాది. కాశింబమ్మ.”

“తెలుసు.”

“తెలిస్తే ఆ పేరు పెట్టి పిలువు. రేకులు ఎవరు వేయించినారు?”

“ఎవురో వేయించినారులే. వానలు కదా. ఎవురైతే ఏం?”

“నువ్వే అయ్యుంటావు. ఓట్లు కదా.”

“ఔ. ఓట్లే. సరేనా? ఇప్పుడు కాయితం చదువు.”

“ఆడ సభలో గంట మాట్లాడితినన్నా నేను. గంట. బిడ్డలు పుట్టి పుట్టి చచ్చిపోయే ఇండ్లల్లో, పుట్టినోన్ని ఎనక వాకిట్లో నుంచి సాయిబుల ఇంటికి చేటెడు తవుడుకు అమ్మేవాళ్లని చెప్తి. ఆ ఇంటామె ఒక్కతూరి పాలిచ్చి, చేతికి దారం కట్టి, ‘వీడు నా బిడ్డ, మీరు సాకండి’ అని మళ్లా తెచ్చిచ్చేదని చెప్తి. ఈ ఇంటి బిడ్డ కోసం వచ్చిన చావు, వీడు ఈ ఇంటోడు కాదని ఎనక్కి పోతాదని నమ్మేవాళ్లని చెప్తి. వీడియోలో అదంతా కోసేసి...”

“‘హిందువులు బిడ్డల్ని సాయిబులకు అమ్మినారు.’ అదొక్కటే మిగిలె.”

“కోసింది నేను కాదు.”

“కోసేకి గొంతు అందించింది నువ్వే.”

“అంటే ఏమీ మాట్లాడకూడదా? ఉన్నది ఉన్నట్లు చెప్పకూడదా?”

“ఉన్నది ఉండనీకూడదా? నీ తల్లి! మనూర్లో వందేండ్లుగా ఉండాది. ఎవుడన్నా పేరు పెట్టినాడా దానికి? ఎవుడన్నా అడిగినాడా? పాలిచ్చినామె ఇచ్చింది, తాగినోడు తాగినాడు. నువ్వొచ్చి దానికొక పేరు పెడితివి. పేరు పెట్టినాక అందరికీ కనపడె. కనపడినాక ఇంగ రాళ్లే.”

“అరవొద్దు. బయటికి ఇనపడ్తాది.”

“ఇనపడనీ! నువ్వు అద్దంలో చూసి మాట్లాడతావేంది? నా మొగం చూసి మాట్లాడు.”

“నీ మొగం చూస్తే నాకు కోపమొస్తాది.”

“రానీ. నాకు రాకుండా ఉండాదా? నీ మాట పట్టుకోని నలుగురు పిల్లనాయాళ్లు ఫోన్లు ఎత్తుకోని ఆమె ఇంటికి పోయినారు. ‘అవ్వా, నువ్వు పిల్లోల్లను కొన్నావంట, నిజమేనా?’ అంటే ఆమె ఏమనె? నవ్వుకుంటా, పండ్లు లేని నోరు ఇంత తెరిచి, ‘ఔ నాయినా, కొంటి. ముగ్గుర్ని కొంటి’ అనె. సిగ్గు లేకుండా.”

“సిగ్గెందుకు? ఆమెకు అది గొప్ప.”

“గొప్పంట! ఆ గొప్పకే పొద్దున జీపెక్కించినారు. బిడ్డల్ని కొనే ముఠా అని కంప్లైంటు. ఎనభై ఏండ్ల ముఠా. పొద్దున్నుంచి టీ కూడా తాగల్యా.”

“ఇయ్యలేదా వాళ్లు?”

“ఇచ్చినారు, చక్కెరేసి. ఆమె బెల్లం టీ తప్ప తాగదు.”

“నీకెట్ల తెలుసు?”

“ఏంది?”

“బెల్లం టీ.”

“ఊర్లో ఎవున్నడిగినా చెప్తాడు. మాట మార్చొద్దు. ఇను. నువ్వు బయటికి పోయి తప్పయిందంటే, కంప్లైంటు వాపసు తీసుకుంటారు. కంప్లైంటు ఇచ్చిన హిందూ సమితోళ్లు మాటిచ్చినారు. మసీదు కమిటీ పెద్దలు కూడా సరే అన్నారు, వాళ్లకూ ఈ నింద వద్దంట. వీళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం నేను పుట్టినప్పట్నుంచి ఇదే చూడడం.”

“చూసినావా, మతసామరస్యం. నన్ను తిట్టేకి కలిసినారు.”

“నవ్వొస్తాందా నీకు?”

“లేదు.”

“నవ్వుతాండావు.”

“ఏడుపు అట్ల వస్తాది నాకు. ఆడ నా క్లాసులు ఆపేసినారు, తెలుసా నీకు? బిడ్డల అమ్మకాన్ని సమర్థించే ప్రొఫెసరని ఆ ఊరి పేపర్లో వేసినారు. ఇన్నేండ్లు ఉంటి ఆ ఊర్లో. ఇల్లు కొంటి, పన్ను కడ్తి, వాళ్ల భాషలోనే కలలు కూడా కంటి. ఇప్పటికీ నాతో ‘మీవాళ్లు’ అంటారు. ‘మీవాళ్లు ఇట్ల చేస్తారా’ అని. ఈడికొస్తే నువ్వు ‘తెల్లోళ్లకు పాఠాలు’ అంటావు. ఎయిర్‌పోర్టులో వాడు నా పాస్‌పోర్టు తిప్పి తిప్పి చూసి, ఎన్నాళ్లుంటారు మేడం అన్నాడు.”

“ఏం చెప్తివి?”

“కాశింబమ్మ మీద నింద పోయేదాకా అని.”

“వానికేం అర్థమైతాది?”

“కాలే. నీకైందా?”

“అర్థమయ్యే ఈ కాయితం చేతికిచ్చినా.”

“నీ టికెట్టు కోసం ఇచ్చినావు. చైర్మన్ టికెట్టు. చెల్లెలు నోరు మూయించినాడని మీ పార్టీవోళ్లు మెచ్చుకునేకి. నాపరాళ్ల ఫ్యాక్టరీ చాలక, ఇంగ మున్సిపాలిటీ కూడా పాలిష్ పట్టాల నీకు.”

“ఔ. టికెట్టే. ఉండకూడదా నాకు? నువ్వు ప్రొఫెసరు కావచ్చు, నేను చైర్మన్ కాకూడదా?”

“చూడు, కొంచెం మెల్లగా ఆలోచించు. ఆచారమే లేదు, నేను కల్పించినా అని చెప్తి అనుకో. అప్పుడు ఆమె చెప్పింది ఏమైతాది? ‘ముగ్గుర్ని కొంటి’ అని ఆమె నోటితో ఆమె చెప్పింది ఊరూరా తిరుగుతాంది. ఆచారం తీసెయ్, ఇంగేం మిగుల్తాది? కొనడమొక్కటే మిగుల్తాది. వాళ్లు వాపసు తీసుకున్నా పోలీసోళ్లు వదుల్తారా? నీకు ఈ కాయితం రాసిచ్చినోడు ఇది ఆలోచించలేదనుకుంటాండావా? నా నోటితోనే ఆమెను దొంగను చేపిస్తాండారు.”

“వాళ్లు మాటిచ్చినారు.”

“అన్నా, నేను చెప్పింది ఇన్నావా?”

“మాటిచ్చినారు యామినీ. నా చేతిలో చెయ్యేసి చెప్పినారు.”

“ఏమని? ఆమెను వదుల్తారని కాయితం మీద రాసినారా?”

“నువ్వు కొంచెంసేపు నోరు మూయి.”

“అన్నా! అన్నా! తలుపు తియ్యి, నేను పరమేష్‌ను.”

“తెరిచే ఉండాది. ఏంది?”

“స్టేషన్ నుంచి కానిస్టేబుల్ సుంకన్న ఫోన్ చేసినాడన్నా. ముసిలామె ఏమీ చెప్పల్యాంట.”

“ఏమీ అంటే?”

“ముగ్గురు ఎవురెవురని ఎస్సై అడిగితే, ఇద్దరు పోయినారు నాయినా, ఒగడుండాడు అనిందంట. ఆ ఒగడు ఎవుడంటే నోరిప్పలేదంట. ‘వాడు ఇప్పుడు నలుగుర్లో తిరిగేవాడు, నేను పేరు చెప్తే వానికి తలవంపు, నన్ను లోపలేసుకోండి’ అంటాందంట. వాడెవుడో గానీ అన్నా, సిగ్గుల్యాని నా కొడుకు. ముసిలిది ఆడ బల్ల మీద కూర్చోనుంటే వాడు యాడో ఏసీలో కాలు మీద కాలేసుకోనుంటాడు.”

“బిళ్ల వేసుకున్నాదా?”

“ఏం బిళ్లన్నా?”

“బీపీ బిళ్ల రా! పొద్దున నీ చేతికిచ్చి పంపితి కదా!”

“సుంకన్నకిచ్చినా.”

“వేసుకున్నాదా లేదా అడుగు పో. ఊరికే బిళ్లిస్తే వేసుకోదు, నాలిక కింద దాచిపెట్టి ఊసేస్తాది. ముందర నిలబడి నీళ్లు తాగించమను.”

“సరేన్నా. విలేకరులు తొందర చేస్తాండారు.”

“ఉగ్గాని చేపించినావు కదా, పెట్టు. బజ్జీలు ఎక్కువెయ్యి. నోట్లో బజ్జీ ఉన్నంతసేపు ఎవుడూ ప్రశ్నలడగడు. పో. ఏంది అట్ల చూస్తాండావు యామినీ?”

“నాలిక కింద దాచిపెడ్తాదని కూడా ఊర్లో అందరికీ తెలుసా?”

“ముసిలోళ్లంతా అంతే.”

“ఇన్నావు కదా పరమేష్ చెప్పింది. ఎవరిని కాపాడేకి నోరు మూసుకోని కూర్చోనుండాది ఆమె?”

“ఇన్నా.”

“ఉసేనప్పా.”

“ఆ పేరుతో పిలవొద్దు.”

“ఇస్కూల్లో భూపేష్ అని రాపించేదాకా ఊరంతా అట్లే పిల్చె. అమ్మ చచ్చిపోయేదాకా అట్లే పిల్చె. నీకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, నిన్ను...”

“నాకు చెప్తాండావా? నా పుట్టుక నాకు చెప్తాండావా?”

“బయటికి పోయి వాళ్లకు చెప్తా. ఆ మూడోవాడు మా అన్నే, ఇదో ఈడ నిలబడుండాడు, నిక్షేపంగా బతికుండాడు, ఎవురూ వీన్ని ఎత్తుకపోలేదు అని చెప్తా.”

“చెప్పు. ఇన్నాళ్లూ పేరు లేకుండా చెప్తివి, ఇప్పుడు పేరుతో చెప్పు. ఫోటో కూడా వేపించు.”

“దీని మీద నేను రాసిన పుస్తకంలో నీ పేరు యాడా లేదు.”

“లేదు. ‘ఒక పెద్ద రైతు కొడుకు’ అంతే. చదివించుకున్నాలే నేను.”

“నువ్వా? ఎవరితో?”

“ఇంగ్లీషు వచ్చినోనితో. కార్లో గండికోట దాకా పోయి, ఆడ కోట గోడ మీద కూర్చోబెట్టి చదివించుకుంటి, మనోళ్లెవురూ ఇనకుండా. ‘విడిపించుకోని కొడుకు’ అని ఒక చాప్టరే రాస్తివి కదమ్మా.”

“ఎప్పుడు?”

“అచ్చయిన ఏడే.”

“ఒక్క మాట అనలేదే నాతో!”

“ఏమనాల? బాగా రాసినావు అనాల్నా?”

“తిట్టుండొచ్చు.”

“చెప్పు. దాంట్లో ఏముందో నీ నోటితో చెప్పు. వాడు చదివింది వాని గొంతు. నీ గొంతులో ఇంటా.”

“ఎందుకిప్పుడు?”

“చెప్పు!”

“పెండ్లికి ముందు బిడ్డను తిరిగి తెచ్చుకోవాల. చేటలో తవుడు పోసి, మీద రవికె గుడ్డ పెట్టి, ‘మా బిడ్డను మాకియ్యమ్మా’ అని పదిమందిలో అడగాల. ‘ఇచ్చినా’ అని ఆమె అంటే తీరిపోతాది. అంతవరకు వాడు ఆ ఇంటి బిడ్డే. నీ పెండ్లి ఈ మండపంలోనే అయ్యె. నాకు పదిహేడేండ్లు. ఈ గదిలోనే, ఈ అద్దం ముందర వదినకు జడ వేస్తాంటే, అదో ఆ ఎనక వాకిలి కాడ కాశింబమ్మ నిలబడుండె. కొత్త చీర కట్టుకోని, ఖాళీ చేట సంకలో పెట్టుకోని. ఎవురూ పిలవలే. నేను పోయి అమ్మను అడిగితే, ‘మీ నాయిన వద్దన్నాడు, నోరు మూసుకో’ అనె. తాళి కట్టేదాకా నిలబడి, అన్నం కూడా తినకుండా పోయె. నేను మర్చిపోలేదన్నా. ఈ చదువు చదివిందే దాని వల్ల. ఇంత దూరం పోయింది కూడా దాని వల్లే. అంత పొగరుండే ఇంట్లో ఉండలేక.”

“ఓహో.”

“ఓహో అంటావేంది?”

“పెద్దింటి పొగరు. అదే కదా రాసింది?”

“కాదా మరి?”

“రాసినాక అయిపోయినట్లే కదా. నీకు ఒక చాప్టరు దొరికె. నాకు...”

“నీకు?”

“ఏం లేదు. పరమేష్ ఫోన్ చేసినాడో లేదో.”

“మాట మింగొద్దు. సరే, ఇను. ఊరికే అరిచేకి రాలే నేను. ఇది చూడు.”

“ఏందది సంచిలో?”

“తీసి చూడు.”

“చేట. తవుడు.”

“పొద్దున వస్తా వస్తా రైసుమిల్లు కాడ ఆపి తవుడు పోయించుకున్నా. చేట కూడా కొత్తదే. లాయరమ్మ శివకుమారితో మాట్లాడినా. ఆచారమని పదిమందిలో రుజువైతే ఈ కేసు నిలబడదంట. ఇప్పుడే పోదాం రా. కెమెరాలను కూడా రానీ. స్టేషన్ ముందర చేట ఆమె చేతికిచ్చి, ‘మా అన్నను మాకియ్యమ్మా’ అని నేనే అడుగుతా. ఇచ్చినా అంటాది. ఆమె ఇంటికి పోతాది. నీ వాళ్లు కూడా తిట్టరు, సాయిబుల ఇంటి నుంచి మనోడు మళ్లా మనింటికొచ్చినాడని దండలేస్తారు. నీ టికెట్టు యాడికీ పోదు.”

“అంతా తూకమేసి తెచ్చినావు.”

“తప్పేముంది? నాయిన చేయనిది మనం చేద్దాం. ఎప్పుడో తీరాల్సింది.”

“తీసెయ్.”

“ఎందుకు?”

“చేట తీసెయ్ అంటాండా.”

“అన్నా, ఒక్క నిమిషం పని. ఆమె ముందర...”

“నా ముందర్నుంచి తీసెయ్!”

“చెయ్యి వదులు... అన్నా! అయ్యో! అంతా కింద పోస్తివి! పిచ్చి పట్టిందా నీకు? మొగం మీదంతా పడె.”

“పడనీ.”

“నాయిన పొగరే. అచ్చం నాయిన పొగరే. ఆమె ముందర చేట పట్టుకోని నిలబడాలంటే అంత చిన్నతనమైపాయనా నీకు? స్టేషన్లో ఆమె నీ పేరు చెప్పకుండా కూర్చోనుంటే, నువ్వు ఆమె చేతిలో ఇంత తవుడు పెట్టలేవా? నేను రాసింది తక్కువే. ఇంకా రాయాల్సింది.”

“పరమేష్!”

“అన్నా. బిళ్ల వేసుకున్నాదంటన్నా... ఏంది ఈ తవుడు?”

“మైకు సరిచెయ్యి. యామిని మాట్లాడదు. నేను మాట్లాడతా.”

“ఏమనన్నా?”

“ఆ ఒగడు నేనే అని.”

“ఏ ఒగడు?”

“ముసిలామె కొన్నోడు. నువ్వు చెప్పిన సిగ్గుల్యాని నా కొడుకు.”

“అన్నా... నేను ఏదో నోటికొచ్చి...”

“సరిగ్గానే చెప్పినావు. అది అయిపోతానే బండి తియ్, స్టేషన్‌కు పోవాల. బెల్లం టీ ఫ్లాస్కులో పోయించు. నీళ్లు తక్కువ, పాలు ఎక్కువ.”

“టికెట్టు సంగతన్నా? మనోళ్లు ముందు వరసలోనే కూర్చోనుండారు.”

“ఇననీ. పోరా! యామినీ, నువ్వు మొగం తుడుచుకో. ఇదో తువ్వాల.”

“నాకేమీ అర్థం కావడంల్యా. పదిమందిలో చెప్పేకి సిద్ధమే అయితే, మరి చేట ఎందుకు పారబోస్తివి? తలవంపు కాదంటావు, టికెట్టు పోయినా సరే అంటావు. ఆ ఒక్క మాట అడిగేస్తే అన్నీ తీరిపోతాయి కదా. నాయిన వద్దన్నాడని ఇంకా...”

“నాయిన వద్దనలేదు.”

“అమ్మే చెప్పింది నాతో.”

“అట్ల చెప్పమని అమ్మ కాళ్లు పట్టుకున్నది నేను. నాయిన తవుడు తెప్పించినాడు, రవికె గుడ్డ కొన్నాడు, అంతా ఆ మూల సిద్ధంగా పెట్టించినాడు. మీరు రాకముందే వచ్చి నేనే పారబోస్తి. ఇదే గదిలో. ఆమె ఖాళీ చేట ఎత్తుకోని పోతాంటే, మండపం మీద నుంచి చూస్తా కూర్చోనుంటి.”

“ఎందుకన్నా?”

“అడిగితే ఇచ్చేస్తాది యామినీ. ఇచ్చేసినాక ఇంగ మాయమ్మ నాకేమైతాది?”